మిషనుకు తలంటు పోసిన దసరా

ముందు తుడవాలి, తర్వాతే నూనె పోయాలి. పంతొమ్మిదేళ్ల కాపురంలో మా ఆయన ఈ మాట నా చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పాడు. వినలేదని అనను, విన్నాను. ఎందుకని మాత్రం ఏనాడూ అడగలేదు. అదంతా ఆయన చాదస్తం అనుకున్నాను.

మా ఊరు బనగానపల్లెకు దగ్గర. ఆ పేరు చెబితే బయటివాళ్లకు మామిడిపండు గుర్తొస్తుంది. మాకు గుర్తొచ్చేది నాపరాయి. ఊరి చుట్టూ రాయి కోసే ఫ్యాక్టరీలు, వాటి నుంచి లేచే దుమ్ము. పొద్దున ఆరేసిన తెల్ల పంచె మధ్యాహ్నానికి బూడిద రంగుకు తిరుగుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో రోజుకు మూడుసార్లు ఇల్లు ఊడ్చేదాన్ని. తర్వాత నాకే విసుగొచ్చి ఒక్కసారికి దిగాను.

మా ఆయన పెళ్లికి ముందు పదేళ్లు ఆ ఫ్యాక్టరీల్లోనే రాయికి పాలిషు పట్టాడు. మెల్లగా వాటి మిషన్లు బాగుచేయడం నేర్చుకుని, ఇంటి పక్కన రేకుల కొట్టం వేసుకుని సొంతంగా పని పెట్టుకున్నాడు. కొట్టంలో ఉన్నది ఒక్కటే మిషను. చిన్న మిల్లింగ్ మిషను, ఎవరో వాడి వదిలేసింది, హైదరాబాదు నుంచి లారీలో వేయించుకుని వచ్చాడు. పైన కత్తి తిరుగుతూ ఉంటుంది. కింద ఇనుప బల్ల మీద ముక్కను బిగించి, పక్కనున్న చక్రం తిప్పుతూ బల్లను జరుపుకుంటూ పోతే కత్తి దాన్ని చెక్కుతుంది. ఫ్యాక్టరీ ఇరుసుకు గాడి తీయాలన్నా, అరిగిపోయిన ముక్కకు సరిజోడు చేయాలన్నా చుట్టుపక్కల వాళ్లు మా కొట్టానికే వచ్చేవాళ్లు.

మాకు పిల్లలు కలగలేదు. ఆ మిషనును నేను సవతి అనేదాన్ని. ఊరికే అనలేదు. పొద్దున్నే లేచి ముఖం కడుక్కుని, టీ కూడా తాగకుండా ఆయన పోయేది దాని దగ్గరికే. మీద కప్పిన దుప్పటిని మెల్లగా మడిచి, బయటికి తీసుకుపోయి దులిపేవాడు. తర్వాత బల్ల కింద ఉండే జారుపట్టాలను గుడ్డతో తుడిచేవాడు. ఆ గుడ్డ నా పాత నూలు చీరే అయి ఉండాలి. అంగట్లో దొరికే దారాల వేస్టు పెడితే పోగులు లోపలికి పోతాయట. నా చీర ఇంకా చిరగనైనా చిరగకముందే "అది పాతదే కదా" అని దాని మీద కన్నేసేవాడు.

తుడిచిన గుడ్డను వెలుతురులో పట్టుకుని చూసేవాడు. నల్లగా ఉంటే అది నూనె మురికి, ఫరవాలేదు. బూడిద రంగులో ఉంటే రాతి దుమ్ము, మళ్లీ తుడవాలి. అప్పుడు పొడుగు ముక్కు నూనె డబ్బా తీసుకుని ఒక్కో కంతలో రెండేసి చుక్కలు వేసి, బల్లను ఈ చివర నుంచి ఆ చివరకు జరిపేవాడు. చక్రాన్ని చూపుడు వేలితో తిప్పేవాడు. ఇద్దరు మగవాళ్లు ఎత్తలేని బల్ల చప్పుడు లేకుండా జరిగిపోయేది. నేను గడపలో నిలబడి చూస్తున్నానని తెలిస్తే "సూడు, ఒక్క ఏలు" అని ఆ వేలు పైకెత్తి చూపించేవాడు. ఆ గర్వం చూస్తే నాకు ఒళ్లు మండేది, నవ్వూ వచ్చేది.

ఒకసారి ఆయన జ్వరంతో పడుకుంటే మంచి చేద్దామని కొట్టంలోకి పోయాను. నూనె డబ్బా ఖాళీగా ఉంది. వంటింట్లో శెనగ నూనె ఉంది కదా అని దాన్నే పోశాను. నాలుగు రోజులకు అది జిగురు కట్టి బల్ల ఈడ్చుకుంటూ నడవడం మొదలుపెట్టింది. "ఇదేమన్నా నీ వడల బాండలి అనుకున్నావా?" అని వీధి వీధంతా వినేలా అరిచాడు. పక్కింటివాళ్లు వారం రోజులు నన్ను చూసి నవ్వుకున్నారు. ఆ తర్వాత ఆయన నన్ను దాన్ని ముట్టుకోనివ్వలేదు, నేనూ ముట్టుకోలేదు. ఆయన కోపమంటే నాకు భయం అక్కడ మొదలైంది.

ఇంత తుడిచినవాడు, ఇంత కప్పినవాడు, తన ముక్కుకు ఒక్క గుడ్డ కట్టుకోలేదు. ఫ్యాక్టరీలకు పోయి అక్కడే మిషన్లు విప్పేవాడు. వచ్చేటప్పటికి కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ము ఉండేది. తువ్వాలు చుట్టుకోమని నేను చెబితే "ఊపిరి ఆడదే" అనేవాడు. చివరికి ఆయనకు ఊపిరి ఆడకుండా చేసింది ఆ దుమ్మే. తలుచుకుంటే ఇప్పటికీ ఆయన మీద కోపమే వస్తుంది నాకు.

మొదట దగ్గు వచ్చింది. తర్వాత మెట్టు ఎక్కితే ఆయాసం. మనిషి సగమయ్యాడు. కర్నూలు ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరు ఎక్స్‌రే ఫిలిం వెలుతురుకు పెట్టి చూపించాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టుకుపోయింది, అది ఇక బయటికి రాదు, మందులతో నెట్టుకుంటూ పోవాలి అన్నాడు. దుమ్ములోకి పోవద్దు, బరువులు ఎత్తొద్దు అన్నాడు. అన్నీ విని మా ఆయన అడిగింది ఒక్కటే.

"చక్రం తిప్పొచ్చా సార్? కూసోనే తిప్పేది. బలం అక్కర్లేదు."

డాక్టరుకు అది ఏ చక్రమో అర్థమయిందో లేదో. "తిప్పుకో, ఏం కాదు" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని మా ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. ఇక ఫ్యాక్టరీలకు పోడట, ముక్కలు ఇంటికే తెప్పించుకుంటాడట, ముక్కాలి పీట మీద కూర్చుని గాడులు తీసుకుంటాడట. మాట్లాడుతుంటే దుప్పటి మీద ఆయన చూపుడు వేలు గుండ్రంగా తిరుగుతూ ఉండేది.

ఆయన ఆసుపత్రిలో ఉండగానే దసరా వచ్చింది. మా కొట్టానికి నాలుగిళ్ల అవతల లేత్ మిషను నడిపే ముసల్మాను అన్న ఒకాయన ఉన్నాడు. మా ఆయనా ఆయనా చిన్నతనంలో ఒకే ఫ్యాక్టరీలో చేరి, ఒకేసారి బయటపడినవాళ్లు. గుండ్రంగా చేయాల్సిన పని ఆయన దగ్గర, గాడి తీయాల్సింది మా దగ్గర. ఆయుధ పూజ రోజు ఆ అన్నే కర్నూలు వచ్చి "నువ్వు పోయి పూజ చేసుకుని రామ్మా, మంచం కాడ నేనుంటా" అన్నాడు.

"మిషనుకు బొట్టు పెట్టొస్తా" అని మా ఆయనతో చెప్పాను.

"తలుపుకు పెట్టు. బల్ల మీద ఏం పెట్టొద్దు. తుడిచి, నూనె పొయ్" అన్నాడు. మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు.

ఊఁ కొట్టి బస్సెక్కాను.

ఆయన పూజ ఎప్పుడూ అంతే. మోటారు పెట్టెకు రంగు వేసిన రేకు తలుపు ఉంటుంది. దాని మీద ఒక బొట్టు, ఒక పూలదండ. టెంకాయ గడప బయట కొట్టేవాడు. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో మిషన్లు కడిగి, పసుపు పూసి, గుమ్మడికాయలు కొట్టి, మేళం పెట్టించి చేసుకుంటుంటే మాది మాత్రం తద్దినం తంతులాగా ఉండేది. "నీకు భక్తి లేదయ్యా" అంటే "దానికి భక్తితో పన్లేదు, నూనెతోనే పని" అని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

బస్సులో రెండు గంటలూ అదే ఆలోచన. పోయిన దసరాకు కూడా అలాగే ఒక్క బొట్టుతో సరిపెట్టాం. దగ్గు ముదిరింది ఆ తర్వాతే. అన్నం పెట్టే వస్తువుకు ఏడాదికి ఒక్క రోజు కూడా మర్యాద చేయకపోతే అమ్మవారు ఊరుకుంటుందా? నా మనసులో ముడి అలా పడిపోయింది. ఊళ్లో దిగేటప్పటికి నేను చేయాల్సింది ఏమిటో నాకు ఖాయంగా తెలుసు.

బిందెడు నీళ్లు కాచాను. సబ్బు పొడి వేసి, టెంకాయ పీచుతో మిషనును పైనుంచి కిందిదాకా తోమాను. పట్టాల సందుల్లో, చక్రం వెనక, కంతల చుట్టూ, జిడ్డు అనేది లేకుండా వదిలించాను. చంటిబిడ్డకు తలంటు పోసినట్టు పోశాను. ఇనుము తళతళ మెరుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. పసుపు కలిపి బల్ల నిండా పూశాను. మీద విభూతి గీతలు, కుంకుమ. నిమ్మకాయలు కోసి కుంకుమ అద్ది నాలుగు మూలలా పెట్టాను. టెంకాయ కొట్టి ఆ నీళ్లు గడప మీద కాకుండా బల్ల మీదే చల్లాను. ఈ మనిషిని నాకు వదిలిపెట్టు తల్లీ అని ఆ బల్లకే మొక్కాను.

నూనె సంగతి గుర్తుంది. డబ్బా చేతిలోకి తీసుకున్నాను కూడా. ఇంత శుభ్రంగా కడిగి, పసుపు పూసిన దాని మీద మళ్లీ జిడ్డు ఎందుకులే, పూజ చెడుతుంది అనిపించి కింద పెట్టేశాను. తడి ఆరకముందే దుప్పటి కప్పి, తాళం వేసి, సాయంత్రం బస్సు పట్టుకున్నాను.

"నూనె పోసినావా?" అన్నాడు నన్ను చూడగానే.

"పోసినా."

"తుడిచే పోసినావా?"

"తుడిచే పోసినాలే, పడుకో."

ఆయన ముఖం తేటపడింది. ఆ రాత్రి దగ్గు లేకుండా నిద్రపోయాడు. నా పూజ పనిచేసిందనుకున్నాను. చెప్పిన అబద్ధం మరీ చిన్నదనుకున్నాను.

ఇరవై నాలుగు రోజుల తర్వాత ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇల్లు ఊడ్చి పెడదామని, ఆయన దగ్గర మా తమ్ముణ్ణి ఉంచి నేను ఒక రోజు ముందే వచ్చాను. కొట్టం తాళం తీసి దుప్పటి లాగితే అది ఊడి రాలేదు. బల్లకు అతుక్కుపోయింది. గట్టిగా లాగేటప్పటికి కింద అంతా ఇటుక రంగు. నిమ్మకాయలు పెట్టిన నాలుగు చోట్లా ఇనుము గుంటలు పడింది. విభూతి, కుంకుమ, తుప్పు కలిసి పట్టాల సందుల్లో బురదలాగా గట్టిపడ్డాయి. చక్రాన్ని ఒక వేలితో కాదు, రెండు చేతులతో, కాలు గోడకు తన్నిపెట్టి తిప్పాను. కదల్లేదు.

అప్పుడు నాలుగిళ్లు దాటి ఆ అన్న దగ్గరికి పోయుంటే సరిపోయేది. పోలేదు. శెనగ నూనె నాటి నవ్వులు గుర్తొచ్చాయి. మా ఆయన అరుపు గుర్తొచ్చింది. కూర్చుని అంట్లు తోమే ఇనుప పీచుతో పైపైన తుప్పంతా గీకాను. డబ్బాలో ఉన్న నూనె మొత్తం గుమ్మరించాను. గుంటలు కనపడకుండా బల్ల మీద పాత చీర ముక్క పరిచాను. దూరం నుంచి చూస్తే ఎప్పటిలాగే నిగనిగలాడుతోంది. లోపల మాత్రం బిగుసుకుపోయి ఉంది.

ఆయన వచ్చిన మూడో రోజు పొద్దున్నే "కొట్టం కాడికి పోదాం పట్టే" అన్నాడు. దుమ్ము అన్నాను, రేపన్నాను, ఎండ పడనీ అన్నాను. "ఒక్కతూరి తిప్పి సూస్తా అంతే" అన్నాడు. భుజం కింద చేయి వేసి తీసుకుపోయాను. పది అడుగుల దూరానికి మూడుసార్లు ఆగాడు. ముక్కాలి పీట మీద కూర్చోబెట్టాను. కాసేపు ఆయాసం తీర్చుకుని, మిషనును చూసి నవ్వాడు. "బాగనే పెట్టుకున్నావే" అన్నాడు నాతో.

చూపుడు వేలు చక్రం మీద పెట్టి తిప్పాడు. కదల్లేదు. వేలు తీసి చూసుకుని, చేయి మొత్తం పెట్టాడు. తర్వాత రెండు చేతులూ పెట్టాడు. మెడ నరాలు పొంగాయి, దగ్గు తెర వచ్చింది, నేను వీపు రాశాను. దగ్గు ఆగాక రెండు అరచేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. మిషను వైపు ఒక్కసారి కూడా చూడలేదు. దాన్ని ఆయన అనుమానించలేదు. తుడిచి నూనె పోశానని నేను చెప్పాను కదా.

"అయిపోయిందే" అన్నాడు. "ఒక్క ఏలితో తిప్పేటోన్ని. ఇంత సత్తువ గూడా లేకుండా పోయిందా నాకు?"

మాట నా నాలుక చివర ఉంది. తుప్పు పట్టిందయ్యా, నేను నీళ్లు పోశాను, నీ చేతులు బాగానే ఉన్నాయి. అంతే చెప్పాల్సింది. ఆయన అరిస్తే దగ్గు వస్తుందని, ఆయన ప్రాణానికే భయపడి ఊరుకున్నానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. "బాగనే పెట్టుకున్నావే" అన్నాడు కదా, పంతొమ్మిదేళ్లలో ఆ మిషను విషయంలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. దాన్ని పోగొట్టుకోలేకపోయాను.

ఊరుకుంటే ఊరుకున్నాను, అక్కడితో ఆగలేదు. "కడుపుకు తినకపోతే సత్తువ యాడ్నుంచి వస్తాది?" అని ఆయన మీదికే లేచాను. ఆయన తల ఊపాడు. నిజమే అన్నట్టు ఊపాడు.

ఆ రోజు నుంచి ఆయన మిషను ఊసెత్తలేదు. గాడులు, ముక్కలు, ఇంటికే తెప్పించుకోవడం, ఏదీ లేదు. మందు బిళ్ల చేతిలో పెడితే మింగేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. అన్నం రెండు ముద్దలకు చేయి కడిగేసుకునేవాడు. దుప్పటి మీద తిరిగే ఆ వేలు ఆగిపోయింది. పదకొండో రోజు పొద్దున టీ తీసుకుపోయేటప్పటికి మనిషి లేడు. రాతి దుమ్ము తీసుకుపోయిందని అందరూ అన్నారు. డాక్టరూ అదే అంటాడు. దుమ్ముతో ఆయన ఇంకా కొన్ని నెలలు నెట్టుకొచ్చేవాడేమో నాకు తెలియదు. బతికిన ఆ పదకొండు రోజులూ తను ఎందుకూ పనికిరాని మనిషినని నమ్మి బతికాడని మాత్రం తెలుసు.

దినాలు అయ్యాక లేత్ అన్న వచ్చాడు. మిషను ఊరికే పెడితే పాడవుతుందమ్మా, ఒకసారి చూస్తానన్నాడు. చక్రం పట్టుకున్నాడు. వెంటనే వదిలేసి, వంగి పట్టాల సందులోకి చూశాడు. పోయి పానాలు, డీజిల్ డబ్బా తెచ్చుకున్నాడు. రెండు రోజులు డీజిల్‌లో నానబెట్టి, బల్లను విప్పి పక్కకు దించాడు. కింద నుంచి ఎర్రటి మడ్డి వచ్చింది. అన్ని రోజుల తర్వాత కూడా అందులో పసుపు వాసన ఉంది.

"ఈడ నీళ్లు పోసిందెవరమ్మా?"

"నేనే అన్నా. దసరాకు."

"ఆయప్పకు తెలుసునా?"

"తెల్దు. తిప్పి చూసినాడు. తన చేతుల్లోనే సత్తువ లేదనుకున్నాడు."

తుడుస్తున్న అన్న చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఇది నేను తిప్పినా తిరిగేది కాదమ్మా" అన్నాడు మెల్లగా. "ఇద్దరు పహిల్వాన్లు వచ్చినా తిరగదు." అన్నాక, ఎందుకన్నానా అన్నట్టు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆయన అలా మాట్లాడకుండా తుడుస్తూ ఉంటే నేను గడపలో కూలబడి, చావు రోజున కూడా ఏడవనంత ఏడ్చాను.

ఇప్పుడు వారానికి మూడు రోజులు ఆ అన్న వచ్చి మా మిషను మీద గాడులు తీసుకుంటాడు. తుడవడం, నూనె పోయడం నాదే. ఎందుకని అడగాల్సినవన్నీ ఆ అన్నను అడిగి నేర్చుకున్నాను. కంటికి కనపడని నూనె పొర ఒకటి బల్లకూ పట్టాకూ మధ్య ఎప్పుడూ ఉండాలి. నీళ్లు తగిలితే అది పోతుంది. మీద దుమ్ము ఉండగా నూనె పోస్తే ఆ దుమ్మే ఇనుమును అరగదీస్తుంది, అందుకే ముందు తుడవడం. మా ఆయనను అడిగి ఉంటే రెండు ముక్కల్లో చెప్పేవాడు. బల్ల మీద నాలుగు మూలలా నాలుగు గుంటలు అలాగే ఉన్నాయి. రోజూ వాటి మీదుగానే గుడ్డ పోనిస్తాను.

ఈ దసరాకు మోటారు పెట్టె తలుపు మీద ఒక్క బొట్టు పెట్టాను. టెంకాయ గడప బయట కొట్టాను. ముక్కు చుట్టూ తువ్వాలు కట్టుకుని, పట్టాలు తుడిచి, గుడ్డను వెలుతురులో చూసి, కంతకు రెండు చుక్కలు వేశాను. చక్రం మీద చూపుడు వేలు పెట్టి తిప్పాను. బల్ల చప్పుడు లేకుండా ఆ చివరిదాకా పోయింది.

"నీ చేతుల్లో ఏం లోపం లేదయ్యా, నేను నీళ్లు పోసినా" అని ముక్కాలి పీట వైపు తిరిగి పైకే అన్నాను. ఆ మాట అనడానికి ఒక్క ఊపిరి చాలింది.